లేని రాష్ట్రపు ముద్ర

తెలంగాణ ఇంకా రాని కాలమది. రాలేదన్నది కాగితం మాట. మా సిద్దిపేటలో అది ఎప్పుడో వచ్చేసింది. బండ్ల నంబరు ప్లేట్ల మీద వచ్చింది, చాయ్ హోటళ్ల బోర్డుల మీద వచ్చింది, పెండ్లి పత్రికల్లో పెండ్లికొడుకు పేరుకంటే పైన వచ్చింది. రానిది ఒక్క ఢిల్లీలోనే. ఇవాళ అన్నీ వచ్చాక, నాకెందుకో ఆ రాని రోజుల మీద బెంగ. పొద్దున్నే ఊరంతా ఒకే మాట మాట్లాడుకునేది, సాయంత్రం దాకా అదే మాటను నమిలేది, మరుసటి రోజుకు అది మళ్లీ కొత్తగా ఉండేది. ఆ నమ్మకపు వేడిలో నేను చేసిన ఒక ఘనకార్యం గురించి చెప్పాలి. అప్పుడు దాన్ని దేశసేవ అనుకున్నాను.

అప్పటికి నాకు ఇరవై రెండేండ్లు. చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగింది. (మధ్యలో అంటే అర్ధసంవత్సర పరీక్షల లెక్కల పేపరు దిద్ది చేతికిచ్చిన రోజున. నేనే బడిని వదిలేశానని నేను చెప్పుకుంటాను. లెక్కల సారును అడిగితే బడే నన్ను వదిలించుకుందంటాడు. ఇద్దరం అబద్ధమాడటం లేదు.) ప్రజ్ఞాపూర్‌లో ఒక హోటల్లో గ్లాసులు కడిగి, ఒక లారీకి క్లీనరుగా పోయి, చివరికి మా ఊరి సర్కారు హైస్కూలు లైబ్రరీలోనే రోజుకూలి అటెండరుగా తేలాను. గోడ దూకి పారిపోయినవాణ్ని, అదే బడిలోకి గేటు తెరుచుకొని, చీపురు పట్టుకొని పోతుంటే మా బాపు రెండు రోజులు నవ్వాడు. మూడో రోజు నవ్వలేదు. "ఇప్పుడన్న లోపటనే ఉండురా" అన్నాడు.

ఆ లైబ్రరీ ఆపాది, మా లైబ్రేరియనుది. ఆపా అంటే ఉర్దూలో అక్క. పిల్లలకూ ఆపానే, టీచర్లకూ ఆపానే, వయసులో పెద్దవాడైన హెడ్మాస్టరు పెద్దసారుకు కూడా ఆపానే. పొట్టి మనిషి, లావు కండ్లద్దాలు, చేతిలో ఎప్పుడూ చెక్కిన పెన్సిలు. ప్రతి జూన్‌లో ఆపా లైబ్రరీకి ఏడాది ప్లాను వేసేది. మిగతా బళ్లలో ప్లాను అంటే పోయినేటి కాగితం మీద సంవత్సరం దిద్దడం. ఆపా అట్లా కాదు. పాత క్యాలెండరు షీట్లు తిరగేసి నేల మీద పరిచి, నెలకొక గడి గీసి, వాటి మధ్య మోకాళ్ల మీద పాకుతూ రాసేది. జూలైలో చిరిగిన పుస్తకాలకు అట్టలు, ఆగస్టులో ప్రతి తరగతికీ చదువుకునే గంట, సెప్టెంబరులో పిల్లలు తమ నానమ్మల దగ్గర కథలు విని రాసుకురావడం. ప్రతి నెలలోనూ ఒక వారం ఖాళీగా వదిలి, దాని మీద పెన్సిలుతో "బంద్" అని రాసేది. "బంద్‌కు జాగ ఇడువకపోతె, అది వచ్చి మన జాగల కూసుంటది బేటా" అనేది. (ఢిల్లీలో కూర్చున్న పెద్దలకు కూడా ఇంత ముందుచూపు లేదు.)

ఆ ఏడు జిల్లా ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. లైబ్రరీలో కంప్యూటరు పెట్టుకొని ఏమేం చేస్తారో ఏడాది ప్లాను రాసి పంపిన బడులకు కంప్యూటరు, దానికి ఇంటర్నెట్టు ఇస్తారట. ఆపా ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివింది. మూడేండ్లుగా అడుగుతున్నది మరి. పుస్తకాల పేర్లన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి, నానమ్మల కథలు టైపు చేయించాలి, బీరువాలో లేని పుస్తకం ప్రపంచంలో ఎక్కడున్నా పిల్లలకు చూపించాలి. వారం రోజులు కూర్చొని పదకొండు పేజీలు రాసింది. అచ్చు గుద్దినట్టుండే చేతిరాత. పెద్దసారు ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాడు. ఆపా ఆ కట్టను నా చేతిలో పెట్టి, "అన్నిటి మీద బడి ముద్ర కొట్టి, రిజిస్టర్ పోస్టు చేసి రా" అంది.

ఇక్కడ మా రేడియం బావ గురించి చెప్పాలి. మా అక్క పెనిమిటి. బస్టాండు దగ్గర బండ్లకు రేడియం స్టిక్కర్లు అతికిస్తాడు, రబ్బరు ముద్రలు కూడా చేస్తాడు. ఊళ్లో ఏపీ ప్లేట్లన్నీ టీజీ ప్లేట్లు అయింది సగం ఆయన చేతి మీదనే. అంతకు నెల ముందు నేను చాయ్ తాగడానికి పోతే, ఉన్నట్టుండి అడిగాడు.

"బామ్మర్ది, మీ బడి ముద్ర మీద కింద ఏముంటదిరా?"

"మెదక్ జిల్లా, ఆంధ్రప్రదేశ్."

"థూ! ఊళ్లె ఆటోలన్ని మారినయ్, ట్రాక్టర్లు మారినయ్, ఆఖరికి కల్లు సైకిళ్లు మారినయ్. సదువుకునే జాగల ఇంకా గదే ముద్రనా? నువ్వు ఆడుండి ఏం జేస్తున్నవ్?"

నిజంగానే ఏం చేస్తున్నానో నాకు అర్థం కాలేదు. మరునాటికి బావ నా చేతిలో కొత్త ముద్ర పెట్టాడు. అదే గుండ్రం, అదే బడి పేరు, కింద మాత్రం "మెదక్ జిల్లా, తెలంగాణ". ఆ రోజు నుంచి పాత ముద్రను బీరువా వెనక పారేసి, కొత్తగా వచ్చిన ప్రతి పుస్తకంలోనూ పదిహేడో పేజీ మీద అదే కొట్టాను. (లైబ్రరీ పుస్తకం ఎవడైనా ఎత్తుకుపోయి మొదటి పేజీ చింపేసినా దొరికిపోవాలని, లోపల ఒక పేజీ మీద గుట్టుగా ముద్ర వేయడం ఆపా పద్ధతి. మాది పదిహేడు.) గుట్టు పేజీ గనుక ఎవరూ చూడలేదు. ఇప్పుడు ప్లాను చేతికొచ్చేసరికి, గుట్టుగా ఉన్న రాష్ట్రాన్ని బయటికి తెచ్చే అవకాశం దొరికిందనుకున్నాను. పదకొండు పేజీల మీద పదకొండుసార్లు, పెద్దసారు సంతకం పక్కనే, గట్టిగా గుద్దాను. ఒక్క ముక్క చదవలేదు. పోస్టు చేసి, బావ దగ్గర ఛాతీ విరుచుకొని చాయ్ తాగాను.

పన్నెండు రోజులకు కట్ట తిరిగొచ్చింది. మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో ఇట్లా ఉంది: "ముద్రలో పేర్కొన్న రాష్ట్రము ప్రస్తుతము ఉనికిలో లేదు. సరిచేసి పది దినములలో తిరిగి పంపవలెను."

ఆపా కండ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకొని మళ్లీ చదివింది. నేను బీరువా సందులో పుస్తకాలు సర్దుతున్నట్టు నటించాను.

"ఇటు రా."

వచ్చాను.

"ఎవరిచ్చిన్రు ఈ ముద్ర?"

"మా బావ చేసిండు ఆపా. గని కొట్టింది నేనే."

"ముద్ర కొడితె రాష్ట్రం వస్తదంటె, నేను ఎప్పుడో పొద్దుమాపు కొడుతుంటి. రాష్ట్రం నాకు గూడ కావాల్నే బేటా. గని నాకు కంప్యూటర్ గూడ కావాలె."

ఆమె అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ముద్ర పడిన కాగితాన్ని తుడపలేం, జిరాక్సు తీస్తే ముద్ర కూడా వస్తుంది. అందుకని తెల్ల కాగితాల కట్ట, నీలం పెన్ను నా ముందు పెట్టింది. "పదకొండు పేజీలు నువ్వే రాయి. కొట్టివేతలు ఉండొద్దు. ఒక్క గీత కొట్టినా ఆ పేజీ మల్ల మొదటికెల్లి."

ఏడెనిమిదేండ్లుగా నేను సంతకం తప్ప ఏమీ రాయలేదు. రోజుకు రెండు పేజీలు. పొద్దున ఊడ్చి, దులిపి, కిటికీ పక్క బల్ల మీద కూర్చునేవాణ్ని. పిల్లలు లోపలికి తొంగి చూసి "ఓ! అన్నకు ఇంపోజిషన్ ఇచ్చిన్రు" అని పరుగెత్తేవాళ్లు. జూలై పోయింది, ఆగస్టు పోయింది, నానమ్మల కథలు పోయాయి. ఎనిమిదో పేజీకి వచ్చాను. పైన "కంప్యూటరు నడుపువారు" అని ఉంది. దాని కింద ఇట్లా ఉంది: "మన లైబ్రరీ అటెండరు. తొమ్మిదో తరగతిలో చదువు ఆపినాడు. దుమ్ము దులుపుతానని పుస్తకాలు తీసి, బీరువా వెనక నిలబడి సగం సగం చదువుతాడు. నేను చూడలేదనుకుంటాడు. ఇతనికి మొదట కంప్యూటరు నేర్పవలెను. ఇతడు పిల్లలకు నేర్పును. మార్చిలో ఇతనిచేత పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయించవలెను."

పెన్ను ఆగిపోయింది. నేను గుడ్డిగా ముద్ర గుద్దిన ఆ పేజీలో నేనే ఉన్నాను, సరిగ్గా నా మీదనే తెలంగాణ పడింది. ఆపా వైపు చూశాను. ఆమె తలెత్తకుండా పెన్సిలు చెక్కుతోంది. నాకు ఏడుపు వచ్చేటట్టుంది. ఏడుపు వస్తే జోకు వేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అందుకే "సగం సగం చదువుతాడు" తరువాత, నా సొంతంగా "మనిషి మాత్రం చాలా మంచివాడు" అని ఒక వాక్యం కలిపాను.

ఆపా పేజీ తీసుకొని చదివింది. పెదవి కొసన నవ్వు దాచుకుంది. ఆ వాక్యం మీద పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టింది. "సాక్ష్యం లేని మాట రాయొద్దు. మల్ల మొదటికెల్లి."

అన్నీ రాసి, పెద్దసారుతో సంతకాలు పెట్టించి, బీరువా వెనక నుంచి పాత ముద్ర వెతికి తీసి కొట్టేసరికి గడువుకు ఒక్క రోజు మిగిలింది. ఆలోపు తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సుల్లేవు, పోస్టును నమ్మలేం. తప్పు తనదీ కాబట్టి రేడియం బావ బండి తీశాడు. పొద్దున్నే జిల్లా ఆఫీసుకు బయలుదేరాం. టీజీ ప్లేటు చూసి కుకునూరుపల్లిలో చప్పట్లు కొట్టి మరీ వదిలారు. ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో మాత్రం రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. తలకు తువ్వాల కట్టుకున్న ఒక పెద్దాయన నా చేతిలోని కవరు చూశాడు.

"గదేంది?"

"ఆఫీస్ల ఇచ్చేది తాతా. బడి కాయిదాలు."

"సమ్మె నడుస్తుంటె సర్కార్ కాయిదాలు మోస్తున్నవా? ఇటు దే!" కవరు విప్పి, మొదటి పేజీ చూసి, గుంపును పిలిచాడు. "సూడున్రి! సిద్దిపేట పోరడట! ముద్ర సూడున్రి ఏముందో! ఆంధ్రప్రదేశట!"

అంతే, చుట్టూ మూగారు. "సిగ్గు లేదారా?" "సిద్దిపేటల పుట్టినోడు కొట్టే ముద్రనా గిది?" నా మొహం చూసి బావ పక్కకు తిరిగి పొగ తగిలినట్టు దగ్గడం మొదలుపెట్టాడు. "తాతా, మొదలు తెలంగాణ ముద్రనే కొట్టిన. ఆ రాష్ట్రం లేదని ఎర్ర ఇంకుతోని రాసి వాపసు పంపిన్రు" అని మొత్తుకున్నాను. ఎవరూ నమ్మలేదు.

అప్పుడు పొయ్యి దగ్గర గంటె తిప్పుతున్న బక్కపల్చని మనిషి లేచి వచ్చాడు. కాగితం చూశాడు, నన్ను చూశాడు.

"ఆ ఎర్ర ఇంకు నాదే తమ్మి" అన్నాడు మెల్లగా. "జిల్లా ఆఫీస్ల క్లర్కును. మా ఇల్లు ఈడనే. లేదు అని రాసేటప్పుడు చెయ్యి ఆడలే. గని ఆ ముద్రతోని పైకి పంపితె మీ ఫైల్ ఆడనే చస్తుండె."

గుంపు చల్లబడింది. "ఇప్పుడు పోతె తీసుకుంటరా అన్నా?" అని అడిగాను.

"ఎవరు తీసుకుంటరు? ఆఫీసుకు తాళం. తాళంచెవి నా జేబుల, నేను ఈడ. కవరు నాకియ్యి. సమ్మె అయినంక నేనే పెడుత." ఆ మాట చెప్పి, మా ఇద్దరికీ విస్తర్లు వేసి, తాను వండిన కిచిడీ తానే వడ్డించాడు. నడి రోడ్డు మీద కూర్చొని తిన్నాం. అంత మంది మధ్య, అంత వేడి కిచిడీ, నేను మళ్లీ తినలేదు.

ఆయన మాట తప్పలేదు. సమ్మె అయ్యాక కవరు పెట్టాడు. కానీ అప్పటికి కంప్యూటర్లన్నీ గడువులోపు పంపిన బడులకు పోయాయి. ఆ సంగతి చెప్పడానికి ఆపాకు ఉత్తరం కూడా రాశాడు, ఈసారి నీలం ఇంకుతో. ఆపా చదివి, మడిచి, రిజిస్టరులో పెట్టింది. నా వైపు చూడలేదు. నేను మూడు రోజులు జోకు వేయలేదు. (ఇంట్లో జ్వరమేమో అనుకున్నారు.) నాలుగో రోజు వచ్చేసరికి నా బల్ల మీద ఒక పాత అట్ట ఉంది. దాని మీద స్కెచ్ పెన్నుతో వరుసలుగా గడులు గీసి, గడికొక ఇంగ్లీషు అక్షరం రాసింది ఆపా. కీబోర్డట. "వచ్చిననాడు వేళ్లు తడుముకోవద్దు. రోజుకు గంట" అంది. ఏడాది పాటు ఆ అట్ట మీద టైపింగు నేర్చుకున్నాను. అట్ట మీద తప్పులు కనబడవు గనుక, జిల్లాలో నా అంత తప్పుల్లేకుండా టైపు చేసేవాడు లేడని నా గట్టి నమ్మకం. పదో తరగతి ఫీజు గడువు కూడా ఆపా గుర్తు చేసింది. అప్పుడు మా అక్క కూతురి చెవులు కుట్టించే పని పడింది. ఆ తరువాతి ఏడు ఇంకేదో పడింది.

రాష్ట్రం వచ్చింది. వచ్చిన రోజు నేను బీరువాలు తీసి, పదిహేడో పేజీలన్నీ తిరగేశాను. నేను దొంగతనంగా కొట్టిన ముద్రలన్నీ ఒక్క పొద్దుకు సరైనవైపోయాయి. తరువాత రెండేండ్లకు కంప్యూటరు కూడా వచ్చింది. అప్పటికి ఆపా రిటైరయి, జహీరాబాదులో చెల్లెలి దగ్గరికి పోయింది. డబ్బా విప్పిన సాయంత్రం ఫోను చేశాను.

"ఆపా, వచ్చింది! నల్లది. నేనే నడుపుతున్న. పిల్లలు నన్ను కంప్యూటర్ సార్ అంటున్నరు."

అవతల నుంచి పెన్సిలు గీస్తున్న చప్పుడు వినిపించింది.

"ఏం రాస్తున్నరు ఆపా?"

"కొట్టేస్తున్న రా. నా ప్లాన్ల ఉన్నయి ఒక్కటొక్కటే అయినయి. పుస్తకాల పేర్లు ఎక్కిస్తవు గదా? నానమ్మల కథలు టైపు చేయిస్తవు గదా? ఇంకొక్కటే మిగిలింది. పదో తరగతి ఎప్పుడు రాస్తవ్?"

"వచ్చే మార్చిల, పక్కా ఆపా" అన్నాను.

"సరె, కొట్టెయ్యను. పెన్సిల్‌తోని చుట్టు గీసి పెడుత" అంది.

ఈ మార్చి కూడా పోయింది. మొన్న మళ్లీ ఫోను చేస్తే మళ్లీ అడిగింది, నేను మళ్లీ పక్కా అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోను పెట్టేశాక మాత్రం, చాలాసేపు కంప్యూటరు ముందు చేతులు ముడుచుకొని కూర్చున్నాను.