తలుపుకి అడ్డం పెట్టిన కుర్చీ

ముసలివాళ్లు మెట్లెక్కుతుంటే బ్యాంకు కాపలాదారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టేవాడు. జనం దాచుకున్న సొమ్ముని కొంచెం కొంచెంగానే ఇవ్వాలని ప్రభుత్వం ఉత్తర్వు వేసినప్పటినుంచి ఆ కుర్చీ తలుపుకి అడ్డంగా ఉంటోంది. "ఈ పూటకి అయిపోయిందమ్మా, రేపు రండి" అంటూ, ఎవరి మొహమూ చూడకుండా, టోపీ తీసి చెమట తుడుచుకుంటాడు. "మీవాళ్లకైతే దొడ్డిదారిన ఇచ్చేస్తున్నారుగా!" అని వరుసలోంచి కేకలు. ఇవాళా తలొంచుకునే "రేపు రండి" అన్నాడు. ఎదుటి మనిషి కదల్లేదు. "రేపంటే ఎలాగండీ? అత్తయ్య ఆపరేషన్‌కి ఇవాళే కట్టాలి కదా" అన్న గొంతు అతని భార్యది. అతను టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు, కుర్చీ మాత్రం జరపలేదు. ఆమె తెచ్చిన క్యారేజీ ఆ కుర్చీలో పెట్టి, "చల్లారకముందే తినండి" అని మెట్లు దిగింది. ఆ తర్వాత వరుసలో ఎవరూ అరవలేదు. అరిస్తే బావుండుననిపించింది అతనికి.