ఎగువకా, దిగువకా?

పెరూలోని ఇకితోస్ పట్టణానికి రోడ్డు లేదు. చుట్టూ నది, అడవి. ఊరు దాటాలంటే లాంచీ ఎక్కాలి, లేదా విమానం. అందుకే ఫలానా ఊరు ఎంత దూరమని అడిగితే అక్కడెవరూ కిలోమీటర్లు చెప్పరు. "ఎగువకా, దిగువకా?" అని ఎదురడుగుతారు. నది ఎదురెక్కితే ఒక లెక్క, వాలులో పోతే మరో లెక్క.

రూస్బెల్ మాత్రం విమానం లెక్క కూడా చెప్పేవాడు. అతని ఆటో ఏళ్ల తరబడి విమానాశ్రయానికే తిరిగేది. "రెండు గంటలు కూడా పట్టదమ్మా, కునుకు తీసేలోపు లిమా" అని ధైర్యం చెప్పి మరీ దించేవాడు. తను ఏనాడూ ఎక్కిన పాపాన పోలేదు. మూసిన తలుపంటే అతనికి చచ్చేంత భయం. ఆటోకు తలుపులుండవు గనకే ఆ పని పట్టాడని అక్క నోర్విత వెక్కిరించేది.

తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన ఆ అక్కకే కడుపులో గడ్డ తేలింది. ఆపరేషన్ రాజధాని లిమాలో. "గురువారం లోపలికి తీసుకెళ్తారంట. ఆ పూటకి నువ్వు పక్కనుంటే చాలురా, ఇంకేమొద్దు" అని ఫోన్లో చెప్పి, విమానం టికెట్ తనే తీయించింది.

రూస్బెల్ విమానం మెట్లదాకా వెళ్లాడు.

"ఎక్కాక తలుపు వేసేస్తారా?" అని అక్కడ నిలబడ్డ అమ్మాయిని అడిగాడు.

"వెయ్యకుండా ఎగిరేదెట్టా అన్నా?"

"మధ్యలో దిగాలనిపిస్తే?"

"దిగొచ్చు. ఒక్కసారే."

ఆ పిల్ల వేళాకోళానికే అంది. ఇతను మాత్రం మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. వెనక్కి తిరిగొచ్చి, సాయంత్రానికి ఎగువనున్న పుకాల్పాకు పోయే లాంచీలో పడుకునే ఊయల కట్టుకున్నాడు. నది ఎదురెక్కి, అక్కణ్ణించి బస్సు పట్టుకుంటే గురువారానికి చేరతానని లెక్కేసుకున్నాడు. అక్కకు బయల్దేరానని చెప్పాడు. దేంట్లోనో చెప్పలేదు.

నీళ్లు తగ్గే కాలం. కొంతమానా ఊరు దాటకముందే లాంచీ ఇసుకమేటలో కూరుకుపోయింది. వెనకొచ్చిన లాంచీకీ అదే గతి. ఓ చిన్న పడవ వచ్చి చంటిపిల్లల తల్లుల్ని మాత్రం తీసుకుపోయింది. లాంచీకి గోడల్లేవు, తలుపుల్లేవు, నాలుగువైపులా గాలే. అయినా పోవడానికి దారి లేదు.

వంటామె జుల్మీరా రోజూ అదే అరటికాయ పులుసు పోసేది. రోజూ తలమీదుగా లిమా విమానం పోయేది. టికెట్ సంగతి అతని నోటే విన్న ఆమె గరిటెతో పైకి చూపించి, "అదిగో తమ్ముడూ, నువ్వు పోతున్నావు" అనేది. మొదట్లో అతనూ నవ్వాడు. గురువారం నాడు ఆ చప్పుడు వినగానే ఊయల అంచులు రెండూ ముఖం మీదికి లాక్కున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

మరుసటి వారం ఫోన్ మోగింది. లాంచీ ఇంకా అక్కడే ఉంది.

"గండం గడిచిందిరా" అంది నోర్విత. "ఇంటికి పోతున్నా, ఇప్పుడే విమానం ఎక్కుతున్నా." "ఆ రోజు లోపలికి తోసుకెళ్లేదాకా తలుపు వైపే చూశా. ఒక్కదాన్నే పోయాన్రా. లాంచీయే ఎక్కుంటావు, నాకు తెలుసులే. ఇంతకీ ఎక్కడిదాకా వచ్చావు? ఎగువకే వస్తున్నావా, దిగువకు మళ్లావా?"

రూస్బెల్ ఇసుకమేట వైపు చూశాడు.

"ఎటూ కాదక్కా. ఇక్కడే ఉన్నా."

కాసేపటికి లిమా వైపునుంచి విమానం వచ్చింది. ఈసారి జుల్మీరా గరిటె ఎత్తలేదు. రూస్బెల్ ఇసుకలోకి దూకి, రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ నిలబడ్డాడు. అది వాలులో పోతున్నట్టు, చూస్తుండగానే ఇకితోస్ వైపు వెళ్లిపోయింది.