ఫోనులో వచ్చిన పెళ్లిపిలుపు

మా ఆయన నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతుండగా, మా ఆయన నుంచే నాకు పెళ్లిపిలుపు వచ్చింది. ఆదివారం పొద్దున్న. వంటింటి గట్టు మీద నా ఫోను టింగుమంటే తీసి చూశాను. ‘ఈ నెలలోనే మా ఇంట పెళ్లి. మీరు సకుటుంబంగా రావాలి. శుభలేఖ కోసం ఇది తెరవండి’ అని ఉంది. కింద ఏదో ఫైలు. పైన మా ఆయన పేరు, పట్టు పంచెలో దిగిన ఆయన ఫోటో.

“ఏవండీ, మనింట్లో పెళ్లెవరికండీ?” అన్నాను.

“పెళ్లేంటే?” అన్నారు ఆయన గ్లాసు దించకుండానే.

“నన్ను కూడా పిలిచారు. సకుటుంబంగా రమ్మన్నారు.”

హాస్యమాడుతున్నానని నవ్వారు. నేను ఫోను మొహం ముందు పెట్టాక ఆ నవ్వు కాస్తా పోయింది. కుర్చీ పక్కనున్న ఆయన ఫోను ముట్టుకుని చూస్తే అప్పుడే పొయ్యి మీంచి దింపిన గిన్నెలా ఉంది.

మా ఆయన ఏలూరులో పురోహితులు. వాళ్ల నాన్నగారూ అదే పని చేశారు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లో పెళ్లయినా, గృహప్రవేశమైనా ఈయనకి పిలుపు వస్తుంది. ఇప్పుడు పిలుపులన్నీ ఫోనులోకి దిగాయి కాబట్టి తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ పంపే శుభలేఖలు రోజూ వస్తూనే ఉంటాయి. అందులో ఈయనకొక జబ్బుంది. ఏ శుభలేఖ వచ్చినా పెళ్లికూతురి పేరు చూడరు, పెళ్లికొడుకు చదువు చూడరు. తిన్నగా ముహూర్తం దగ్గరికి పోతారు. లగ్నం ఎవరు పెట్టారు, సరిగ్గా పెట్టారా లేదా! తప్పు దొరికిందో, ఆ పూటకి ఆయనకి వేరే పిండివంట అక్కర్లేదు.

“నిన్న సాయంత్రం నాకూ ఇలాంటిదే వచ్చిందే,” అన్నారు నెమ్మదిగా. “ఎవరో తెలియని నెంబరు. ఈ నెలలోనే పెళ్లి అని ఉంది. ఆషాఢంలో పెళ్లేమిటి? ఏ మహానుభావుడు పెట్టాడో ఈ ముహూర్తం చూద్దామని నొక్కాను.”

“నొక్కితే?”

“ఇన్‌స్టాల్ చేయమంది, చేశాను. ప్రమాదం అంది, సరే అన్నాను. మెసేజీలు చూడనిస్తావా, కాంటాక్టులు చూడనిస్తావా అని ఏవేవో అడిగింది. అన్నిటికీ సరే అన్నాను.”

“శుభలేఖకి మీ కాంటాక్టులతో పనేంటండీ!”

“ముహూర్తం కనపడితే చాలనుకున్నానే. తీరా అంతా అయ్యాక తెర మీద ఏదో బొమ్మ కాసేపు తిరిగి మాయమైపోయింది. పాడు ఫోనని పక్కన పడేశాను.”

నాకు ఒళ్లు మండిపోయింది. స్కూల్లో పదో తరగతి పిల్లలకి చెప్పి చెప్పి నా గొంతు పోతోంది, తెలియని ఫైళ్లు తెరవొద్దర్రా అని. ఇంట్లో ఈయనకి చెప్పాల్సి వస్తుందనుకోలేదు. నాలుగు దులుపుదామని నోరు తెరిచాను గానీ ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఉత్తరీయంతో చేతులు తుడుచుకుంటున్నారు, చేతులకేమీ లేకపోయినా.

“అందరికీ వెళ్లి ఉంటుందా?” అన్నారు.

చూస్తే, వెళ్లింది. ఫోనులో ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లింది. భీమడోలు వెళ్లింది, ఉంగుటూరు వెళ్లింది, మండవల్లి వెళ్లింది. ఏకాదశి ఎప్పుడో, గ్రహణం పట్టువిడుపులు ఎప్పుడో, ఎవరింట్లో తద్దినం ఏ రోజున వచ్చిందో ఈయన పంపుతుంటే ఏళ్ల తరబడి కళ్లు మూసుకుని తెరిచే జనం వాళ్లంతా. పైగా మా చిన్నవాడికి సంబంధాలు చూస్తున్న సంగతి అందరికీ తెలుసు. ఇంకేం కావాలి?

“నా ఫోను నుంచి వెళ్లిందంటే నేను చెప్పినట్టేనే,” అన్నారు. “వాళ్లలో ఎవరికి ఏది పోయినా ఆ గుమ్మం ఇక నేను తొక్కలేను. ఏ మొహం పెట్టుకుని పీట మీద కూర్చుంటాను?”

నా చెల్లెలు తాడేపల్లిగూడెంలో ఉంటుంది. బ్యాంకులో పని. ఇలాంటి గోడు రోజూ వినే మనిషి కాబట్టి వెంటనే నా ఫోను నుంచి దానికి చేశాను. విషయం సగంలో ఉండగానే అందుకుంది. “అక్కా, ముందు బావగారి ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టు. అప్పుడిక అది బయటికి ఏదీ పంపలేదు. బ్యాంకు హెల్ప్‌లైన్‌కి చేసి ఖాతా ఆపించు. ఆ తర్వాత దొంగని వెతుకుదాం.”

చెప్పినట్టే చేశాం. ఆ తర్వాత సెట్టింగ్స్ తెరిచి, అందులో యాప్స్ అన్నీ కనిపించేచోటికి వెళ్లమంది. పైకి కనిపించే బొమ్మలు చూస్తే లాభం లేదట, ఈ మాయదారివి బొమ్మ దాచేసుకుంటాయట. వేలితో ఒక్కొక్కటే కిందికి జరుపుతూ వెళ్లాను. పంచాంగం, కాలిక్యులేటరు, రైలు టికెట్లు, మళ్లీ ఇంకో పంచాంగం. ఆ మధ్యలో చిన్న పళ్లచక్రం బొమ్మతో, అచ్చం ఫోనుతో పాటు పుట్టినదానిలాగా ‘అప్‌డేట్’ అని ఒకటుంది. పేరు చూస్తే ఎవరికీ అనుమానం రాదు. లోపలికి వెళ్లి ఏయే అనుమతులున్నాయో చూశాను. మెసేజీలు చదవడానికి సరే, పంపడానికి సరే, కాంటాక్టులు సరే, కాల్స్ సరే. నిన్న సాయంత్రమే వచ్చి కూర్చుంది.

“ఇదేనే దొంగముండ!” అని అరిచాను. మా ఆయన ఉలిక్కిపడ్డారు.

తీసేయమంటే పోతుందా? అన్‌ఇన్‌స్టాల్ నొక్కిన ప్రతిసారీ తెర ఠక్కున మొదటికొచ్చేస్తోంది. నొక్కడం, అది తోసేయడం. “ఇది పోవడం లేదే!” అన్నాను చెల్లెలితో. “కంగారు పడకక్కా,” అంది చెల్లెలు. “దానికి మీ ఫోను మీద పెత్తనం ఇచ్చేశారు బావగారు. ముందు ఆ పెత్తనం ఊడబీకాలి.” పవర్ బటన్ నొక్కి పట్టుకుని సేఫ్ మోడ్‌లో ఫోను మళ్లీ తెరవమంది. అలా తెరిస్తే బయటి నుంచి వచ్చిన యాప్‌లేవీ లేవలేవట. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ అనేచోట ఆ అప్‌డేట్ ఎదురుగా ఉన్న టిక్కు తీసేశాను. మళ్లీ అన్‌ఇన్‌స్టాల్ నొక్కాను. ఈసారి నోరెత్తకుండా పోయింది.

మళ్లీ జాబితా అంతా పైనుంచి కిందికి చూశాను. లేదు. వాట్సాప్ వేరే ఎవరి కంప్యూటరుకైనా కలిసి ఉందేమో చూడమంది, లేదు. బయటి ఫైళ్లని ఇన్‌స్టాల్ చేసే అనుమతి తీసేయించింది, ఫ్లైట్ మోడ్ తీయించి ప్లే స్టోరులో ఉన్న తనిఖీ చేయించింది. పాస్‌వర్డులు నా ఫోను నుంచి మార్చాం. సాయంత్రానికల్లా ఫోను మొత్తం తుడిచి కొత్తగా పెట్టుకోండి, అదే క్షేమం అంది. బ్యాంకువాళ్లు చూసి ఖాతాలోంచి ఏదీ కదల్లేదని చెప్పారు. “అమ్మయ్య!” అని నేల మీద చతికిలబడ్డాను. ఈయన మాత్రం అలాగే నిలబడి ఉన్నారు.

“మనది బాగానే ఉందిలే. వాళ్ల మాటేంటి?”

ఒక్కొక్కరికే ఫోను చేయడం మొదలుపెట్టారు. భీమడోలు వాళ్లు కట్ చేశారు. ఉంగుటూరు వాళ్లు ఎత్తలేదు. ఈయన ఫోను మోగిన రెండో రింగుకే “చెప్పండి పంతులుగారూ” అనే మండవల్లి రైతు భార్య మూడుసార్లు చేసినా కట్ చేసింది. మళ్లీ చేస్తే స్విచ్చాఫ్. నా ఫోను నుంచి చేసినా అంతే. తాడేపల్లిగూడెంలో మా మేనమామ ఒక్కడే ఎత్తాడు. ఆయన ఆ ఫైలు తెరవబోయాడట గానీ కళ్లద్దాలు కనబడక మధ్యాహ్నం చూద్దాంలే అని ఊరుకున్నాడట. ఆ కళ్లద్దాలకి వెయ్యి దండాలు పెట్టుకున్నాను.

“కొంప మునిగిందే. అందరికీ తెలిసిపోయింది. అందుకే ఎత్తడం లేదు,” అన్నారీయన. నాకూ అలాగే అనిపించింది. మండవల్లి వాళ్లు ఆ వారమే చెరువు పట్టారు. చేపలమ్మిన సొమ్మంతా ఆవిడ ఫోనుకి కలిపిన ఖాతాలోనే ఉంటుందని మాకు తెలుసు. ఈయన చొక్కా వేసుకుని బయల్దేరారు. ఒంటరిగా పంపించబుద్ధి కాక నేనూ చెప్పులేసుకున్నాను.

కైకలూరు బస్సెక్కాం. సన్నగా జల్లు పడుతోంది. ముందు పొలాల్లో దమ్ము చేస్తున్న ట్రాక్టర్లు, కొల్లేరులోకి దిగాక రెండు పక్కలా చెరువు గట్లు, ఐసునీళ్లు కార్చుకుంటూ పోయే చేపల లారీలు. ఎప్పుడూ నాకు కిటికీ పక్క సీటిచ్చి గూడబాతుల్ని చూపించే మనిషి ఆ రోజు తల కూడా ఎత్తలేదు. “ఎలా మొదలుపెట్టనే?” అని ఒకటే అడగడం. “మీరు ఊరుకోండి, నేను మొదలుపెడతాను” అన్నాను గానీ నాకు మాత్రం ఏం తెలుసు!

కైకలూరులో ఆటో మాట్లాడుకుని మండవల్లి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆవిడ వరండాలోనే ఉంది. మామూలుగా అయితే గేటు దాకా ఎదురొచ్చి, కాళ్లకి నీళ్లిచ్చి, “రండి రండి అమ్మగారూ” అని నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. ఆ రోజు మమ్మల్ని చూసి “వచ్చారా” అని ఒక్క మాట అని మొహం తిప్పుకుంది. మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. రైతు కుర్చీ చూపించాడు. ఈయన కూర్చోలేదు. అయిపోయిందనుకున్నాను.

“అమ్మా, నా ఫోను నుంచి మీకొక శుభలేఖ వచ్చింది కదూ?” అన్నారు. 

“వచ్చిందండి.”

“తెరిచారా తల్లీ?”

“ఎందుకు తెరుస్తానండీ?” అని ఒక్కసారిగా గయ్యిమంది. “నా పెళ్లి మీ నాన్నగారు చేయించారు. నా పిల్లల పెళ్లిళ్లు మీరు చేయించారు. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా మొదటి బొట్టు అమ్మగారికి పెట్టి పిలిచాకే ఇంకో గడప తొక్కుతాను నేను. మీ ఇంట్లో పెళ్లికి ఫోనులో ఒక ముక్క పడేస్తారా? బొట్టు పెట్టి పిలవడానికి మేం పనికిరామా అండీ? అమ్మగారొచ్చి పిలిచేదాకా ముట్టుకునేది లేదని అక్కడే వదిలేశాను!”

నేను, మా ఆయన మొహమొహాలు చూసుకున్నాం.

“అంటే... అసలు తెరవనే లేదా?” అన్నారీయన.

“ఒట్టండీ. నేనే కాదు, భీమడోలులో మా ఆడపడుచుని తెరవొద్దన్నాను. ఉంగుటూరులో మా వియ్యాలవారిని కూడా తెరవొద్దన్నాను. వాళ్లు మనింటికి నడిచొచ్చి పిలిస్తేనే వెళ్దాం, అప్పటిదాకా ఫోను చేసినా ఎత్తేది లేదని అందరం అనేసుకున్నాం!”

నాకు నవ్వాగలేదు. పొద్దుటినుంచీ బిగబట్టినదంతా ఒక్కసారి బయటికొచ్చి, గోడ పట్టుకుని నవ్వుతున్నాను. కళ్లలోంచి నీళ్లు కూడా వచ్చేశాయి. “మేమిక్కడ బాధపడుతుంటే నవ్వుతారేంటండీ అమ్మగారూ?” అని ఆవిడకి ఇంకా ఉక్రోషం వచ్చింది. అప్పుడు కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. అది శుభలేఖ కాదని, తెరిచుంటే చేపల సొమ్ముకి ఎసరొచ్చేదని చెప్పేసరికి రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది.

“ఓరి నాయనో! అయితే మీ ఇంట్లో పెళ్లి లేదా?”

“లేదమ్మా.”

“ఆషాఢంలో పెళ్లేంటే, పంతులుగారికి ఆ మాత్రం తెలీదా అని పొద్దుటినుంచీ మొత్తుకుంటున్నానండి,” అన్నాడు రైతు. “వింటేనా? అలిగి వంట కూడా చెయ్యలేదు.”

ఆవిడ ఫోను తీసుకుని ఆ ఫైలు నా చేత్తోనే తీసేశాను. దాక్కున్నవి ఇంకేమైనా ఉన్నాయేమో చూడమంటే యాప్‌లన్నీ వరసగా చూశాను. ఏమీ లేవు. అప్పటికప్పుడు పొయ్యి వెలిగించి ఉప్మా చేసి పెట్టింది. నాకు బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క చేతిలో పెట్టి, “అబ్బాయి పెళ్లి కుదిరాక మాత్రం ముందు మా ఇంటికే రావాలి” అని మాట తీసుకుంది. ఈయన అప్పుడు కుర్చీలో కూర్చున్నారు. పొద్దుట కాఫీ గ్లాసు దించిన తర్వాత స్థిమితంగా కూర్చోవడం అదే.

కైకలూరు బస్టాండులో ఏలూరు బస్సు కోసం నిలబడి ఉండగా ఈయన ఫోను మోగింది. భీమడోలు ఆడపడుచు. వదినగారు విషయం చెప్పినట్టున్నారు, అయినా ఆవిడ పొద్దుటి కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. “పెళ్లని రాసుంటే నిజమేననుకున్నాం కదండీ! మమ్మల్ని అంత పరాయివాళ్లని చేసేశారేంటా అని నేనూ మా ఆయనా ఎంత బాధపడ్డామో తెలుసాండీ?” అంటూ కడిగిపారేస్తోంది. పక్కనున్న నాకే వినపడుతోంది. ఈయన “అవునమ్మా, నిజమేనమ్మా” అంటూ మొహమంతా వెలిగిపోతూ వింటున్నారు. అది అవుతుండగానే ఉంగుటూరు వాళ్లు. వాళ్లూ తెరవలేదు, వాళ్లూ అలిగారు, వాళ్లూ తిట్టారు.

బస్సొచ్చింది. ఎక్కి కూర్చున్నాక ఫోను నా చేతికిచ్చారు.

“కాస్త చూడవే, ఇంకా ఎవరెవరికి కోపమొచ్చిందో. అందరి చేతా తిట్టించుకుని గానీ ఇంటికి పోవద్దు.”