నల్ల గౌనూ, మా గోత్రమూ

మా చిన్నప్పుడు... అంటే నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, పుప్పాలగూడ ఫ్లాట్‌లో మా బాత్రూం బకెట్ నిండా నల్లటి నీళ్లు. అందులో నా తెల్ల గౌను. పక్కన నాన్న జుట్టుకి వేసుకునే రంగు ప్యాకెట్లు, అన్నీ ఖాళీ...

ఫోన్‌లో 'గోత్' అమ్మాయిలను చూసి పిచ్చెక్కిపోయేదాన్ని. నల్ల బట్టలు, నల్ల పెదాలు, మెడలో గొలుసులు... మా ఇంట్లోనేమో నల్ల రిబ్బను కట్టుకున్నా నానమ్మ ఊరుకునేది కాదు.

ఆ రోజు అమ్మ ఆఫీసు నుంచి తొందరగా వచ్చేసింది. మెడలో ఐడీ కార్డు కూడా తీయకుండా బకెట్‌లోకి చూసింది. ఇక నా వీపు పగిలిందే అనుకున్నా. అమ్మ గౌను పిండి, వెలుతురులో పట్టి చూసి, "జుట్టు రంగు గుడ్డకి పట్టదే. బట్టల రంగు వేరే ఉంటుంది, ఉప్పు వేసి ఉడకబెట్టాలి" అంది.

తెలుగు పాఠంలో 'నిశ్చేష్ట' అని చదివాను గానీ, ఆ మాట అర్థమైంది అప్పుడే...

తర్వాత బీరువాలో పట్టుచీరల అడుగు నుంచి ఒక మూట తీసింది. నల్ల లేసు గౌను, నెట్ గ్లౌజులు, ముళ్ల బెల్టు. పెళ్లికి ముందు హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసిన రోజుల్లో, ఆదివారాలు అవి వేసుకుని తిరిగేదట. శుక్రవారం గడపకి పసుపు రాసే మా అమ్మ... పెళ్లయ్యాక ఆ మూట విప్పనే లేదట.

ఆ ఆదివారం దుర్గం చెరువు దాకా వెళ్లొద్దామని ఇద్దరం తయారయ్యాం... అమ్మ ఆ లేసు గౌనులో, నేను ఈసారి సరిగ్గా రంగు పట్టిన నా గౌనులో. నా పెదాలకి కాటుక అమ్మే రాసింది. హాల్లో చేటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తున్న నానమ్మ, మమ్మల్ని చూసి అలాగే ఆగిపోయింది.

"ఏంటే ఈ వేషాలు?"

"గోత్, నానమ్మా" అన్నాను భయంభయంగా.

"మన గోత్రంలో ఇలాంటివాళ్లు ఎవరూ లేరే."

నవ్వొచ్చింది గానీ, అమ్మ మొహం చూసి మింగేశా. నానమ్మకి అమ్మ ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు లోపలికెళ్లి మార్చుకుంటుంది, మూట మళ్లీ చీరల కిందకే పోతుంది అనుకున్నా...

"నేనున్నాను అత్తయ్యగారూ" అంది అమ్మ, మెల్లగా. "మీకు చెప్పలేదంతే."

నానమ్మ చేతిలోని చిక్కుడుకాయని ఈనె తీయకుండానే చేటలో పడేసింది.

లిఫ్టులో కింద దాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు మా కాలేజీలో నీలం జుట్టు, ముక్కుకి రింగులు... ఎవరూ తలెత్తి కూడా చూడరు. మంచిదే. కానీ సొంత అమ్మని చూసి అలా కొయ్యబారిపోవడం, ఇంకెవరికైనా దొరుకుతుందా అనిపిస్తుంది...

మీకు తెలియని మీ అమ్మ ఎప్పుడైనా మీకు ఎదురుపడిందా? రాయండి... చదవాలని ఉంది.