నవ్వే ఫొటో కింద గోస వార్త

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నన్ను వరంగల్ జిల్లా డెస్క్‌కు ఇన్‌ఛార్జిగా వేశారు. సుబేదారిలో ఆఫీసు. రిపోర్టర్లు పంపిన వార్తలు దిద్ది, హెడ్డింగులు పెట్టి, జిల్లా పేజీలుగా కూర్చడం డెస్క్ పని. ఊళ్లో మాకు పేరుండదు గానీ, తప్పు జరిగితే మాత్రం వెతుక్కుంటూ వస్తారు.

అప్పుడే యూరప్‌లోని ఒక చిన్న దేశం మా నేత కార్మికులకు అద్దకం షెడ్డు కట్టించింది. రంగు నీళ్లు మోరీల్లో కలవకుండా శుద్ధి చేసే యంత్రమూ పెట్టింది. ప్రారంభం రోజు ఆ దేశం పేరు మా పేజీలో బ్యానర్‌కెక్కింది. అతిథులు ఏం తిన్నారో కూడా రాశాం. కట్టిస్తామన్న రెండో షెడ్డు ఆలస్యం కాగానే దేశం పేరు పోయి 'విదేశీ సాయం' మిగిలింది. ఆ తర్వాత యంత్రం ఆగిపోయింది. మా సబ్ ఎడిటర్ హెడ్డింగ్ పెట్టాడు: 'విదేశీ పెత్తనం.. నేతన్నకు శాపం'.

దానికి ఫొటో కావాలి. దాచిన పాత ఫొటో తీసి వాడితే దాన్ని ఫైల్ ఫొటో అంటాం. షెడ్డులో రంగులద్దే సాంబయ్య ప్రారంభం నాడు మెడలో దండతో విదేశీ అతిథి పక్కన నిలబడ్డ ఫొటో దొరికింది. అతిథిని కత్తిరించి సాంబయ్యను ఒక్కడినే వేశారు. డెస్కులో ఇది మామూలే.

మరునాడు సాంబయ్య పేపరు పట్టుకుని వచ్చాడు. "అన్నా, ఫొటోల నేను పండ్లన్ని కనవడేటట్టు నవ్వుతాన్న. కిందనేమో గోస పడుతాండని రాసిండ్రు. నేనే కంప్లెయింట్ జేసిన్ననుకొని షెడ్డు నడిపే ప్రాజెక్టు సార్లు రేపటిసంది పనికి రావద్దన్నరు. నేనెవ్వలతోని మాట్లాడిన్నే?" అన్నాడు. మొదట నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. అతని పని పోతోంది.

ఇలాంటప్పుడు లోపలి పేజీలో ఓ మూలన 'వివరణ' అని రెండు ముక్కలు వేయడం మా పద్ధతి. భూతద్దం పెడితే గానీ కనిపించదు. అది చాలదని ఫొటోగ్రాఫర్‌ను తీసుకుని షెడ్డుకు వెళ్లాను. ఫొటోకు నిలబడమంటే సాంబయ్యకు కొత్త చిక్కొచ్చింది. "నవ్వితె వాళ్లకు అమ్ముడువోయిండంటరు, మొకం మాడ్సుకుంటె మీ వార్త నిజమంటరు. పని జేసుకుంట ఉంట, తీస్కోండ్రి" అన్నాడు. అలాగే తీశాం. నూలు ముంచుతున్నాడు, మోచేతుల దాకా నీలం. పక్కన అతను చెప్పిందే వేశాం: షెడ్డు బాగుంది, యంత్రం మోటరు కాలింది, అది ఇక్కడ దొరకదు, తెప్పిస్తే నడుస్తుంది. పాత వార్త వచ్చిన చోటే, అంతే సైజులో. ఇందులో వార్తేముందయ్యా అని హైదరాబాద్ నుంచి ఎడిటర్ విసుక్కున్నారు.

సాంబయ్యను పనిలో ఉంచారు. మోటరూ వచ్చింది, కాస్త నింపాదిగా. ఆ సంగతి మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు. మా పేజీలో ఆ రోజు జాగా లేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. ఏ దేశాన్ని మనం ఎంత పొగిడినా తిట్టినా ఆ దేశానికి తెలుగు రాదు. దెబ్బ తగిలేది ఫొటోలో ఉన్న మనిషికి. అప్పటి నుంచి నా డెస్కులో మనిషి ముఖమున్న ఫైల్ ఫొటో వేయాలంటే, ముందు ఆ మనిషికి ఫోన్ చేసి హెడ్డింగ్ చదివి వినిపించాలని నియమం పెట్టాను. చాలా హెడ్డింగులు ఫోన్ కలిసేలోపే మారిపోయేవి.