బావ చెప్పని మాటలు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, నా భార్యక్కూడా. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. లేక, ఎలాగూ బయటపడబోతోంది కదా, నా అంతట నేనే చెప్పాననిపించుకోవాలనా? నా సంగతి నాకు బాగా తెలుసు. ఆ రెండోదే అయ్యుండొచ్చు.

నేను బర్మాలో, యాంగోన్ నగరం చౌక్తడా పేటలో, కోర్టు వెనక వీధిలో ఒక చిన్న ఆఫీసులో జపనీస్ కాగితాలు అనువాదం చేస్తాను. పెళ్లి పత్రాలు, చదువు పత్రాలు, పోలీసు పత్రాలు. ప్రతి కాగితం అడుగునా ఒక గుండ్రటి ముద్ర వేస్తాను. 'ఉన్నది ఉన్నట్టు అనువదించాను' అని దాని అర్థం. నవ్వొస్తోందా? మొదట్లో నాకూ వచ్చేది.

బావ అంటే మా మేనత్త కొడుకు. నాకన్నా ఆరేళ్లు పెద్ద. నది అవతల దలాలో ఉంటాడు, రేవు దగ్గర మూడు చక్రాల బళ్లు బాగుచేస్తాడు. మా తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఓడరేవు పనికి ఇక్కడికొచ్చినవాళ్లు. ఇంజను మీద చెయ్యి వేసి దాని జబ్బేమిటో చెప్పగల గుణం మా ఇంట్లో బావ ఒక్కడికే వచ్చింది. నాకు భాషలు వచ్చాయి.

ఇద్దరం కలిసి జపాన్ వెళ్లాం. ఫూజీ కొండ కింద ఒక చిన్న వర్క్‌షాపు. ఆ దేశంలో ఒంటి సీటు రేసు కార్లకు పెద్ద పోటీ ఒకటుంది. చక్రాలు బయటికి ఉంటాయి, డ్రైవరు తల ఒక్కటే పైకి కనిపిస్తుంది. వసంతంలో మొదలై, ఊరూరూ తిరుగుతూ, చలికాలం ముందు సుజుకాలో ముగిసే సీజన్. ఒక జట్టు తన కారును రేసుకీ రేసుకీ మధ్య మా వర్క్‌షాపులో విప్పి బిగించేది. మొదట మాకు కారు కింద నేల తుడిచే పనే. ఏడాది తిరిగేసరికి, రేసు రోజు పిట్‌లో, అంటే టైర్లు మార్చడానికి కారు ఆగే చోట, నిలబడే మెకానిక్కుల్లో బావను చేర్చారు. జపనీస్ అక్షరాల్లో పేరు కుట్టిన ఓవరాల్ ఇచ్చారు. బావ అది వేసుకుని ఫొటో తీయించుకుని దలా పంపాడు. ఆ ఫొటో తీసింది నేనే. జపనీస్ వచ్చింది నాకు, ఓవరాల్ వచ్చింది బావకి. కుళ్లుకున్నానా? కుళ్లుకున్నాను. ఇప్పుడు దాచడమెందుకు.

ఆ వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. బోల్టు బిగించేవాడు టార్క్ రెంచిని, సరిపడా బిగిసిందని అది 'టక్'మనేదాకా తిప్పాలి. ఆ చప్పుడు విన్నాకే బోల్టు తల మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి తెల్లరంగుతో ఒక గీత గీయాలి. తర్వాత రెండోవాడు తన రెంచి పెట్టి, మళ్లీ చప్పుడు విని, పక్కన పసుపు గీత గీయాలి. రెండు గీతలుంటేనే కారు గుమ్మం దాటుతుంది. నేనొక దొంగ అలవాటు చేసుకున్నాను. బోల్టులన్నీ చేత్తో తిప్పేసి, గీతలు ముందే గీసేసి, ఆఖర్న రెంచి పట్టుకునేవాణ్ని. పని తొందరగా తెమిలేది. నాలుగు నెలలు ఏమీ కాలేదు.

ఆ సీజన్‌లో మా డ్రైవరు పాయింట్లలో రెండో స్థానంలో ఉన్నాడు. వర్క్‌షాపులో అందరూ ఆ ముక్క పైకి అనకుండా, లోపల్లోపల టైటిల్ గురించే లెక్కలేసుకుంటున్నారు. ఫూజీ రేసుకు రెండు రోజుల ముందు వెనక ఎడమ చక్రాన్ని పట్టుకునే భాగం నాకు అప్పజెప్పారు. నాలుగు బోల్టులు. చేత్తో తిప్పాను. గీతలు గీశాను. అప్పుడే టైర్ల లారీ వచ్చిందని పిలిచారు. అరగంట తర్వాత తిరిగొచ్చేసరికి నాలుగు తెల్ల గీతలూ ఆరిపోయి ఉన్నాయి. రెంచి పెట్టానా? టక్‌మందా? గుర్తు రాలేదు.

మళ్లీ రెంచి పెట్టి చూస్తే అయిపోయేది. నిమిషం పని. కానీ వర్క్‌షాపు పెద్దాయన అక్కడే నిలబడి ఉన్నాడు. గీత గీశాక రెంచి ఎందుకు పట్టుకున్నావని అడుగుతాడు. అంతలో బావ తన రెంచి పట్టుకుని వచ్చాడు. అది చప్పుడు చెయ్యకుండా గిర్రున తిరిగితే? నా దొంగ అలవాటు అందరి ముందూ బయటపడుతుంది.

"రెండోసారి కూడా నానే సూసీసినాను బావా. నువ్వు గీత ఎట్టీ," అన్నాను.

బావ నా మొహంలోకి ఒకసారి చూశాడు. పెద్దాయన అటు తిరగ్గానే పసుపు గీతలు గీశాడు. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే గీసేవాడు కాదు. ఇంటివాణ్ని కాబట్టి గీశాడు.

ఆదివారం రేసు నేను వర్క్‌షాపులో టీవీలో చూశాను. పిట్‌లో టైర్లు మార్చుకుని బయటికొచ్చిన మూడో చుట్టులో, మలుపు దగ్గర, ఎడమ వెనక చక్రం పక్కకి వాలింది. కారు గిర్రున తిరిగి గోడను కొట్టింది. డ్రైవరు మణికట్టు విరిగింది. ఆ సీజన్ అతనికి అక్కడితో సరి. తెర మీద కారు పొగ ఆగకముందే నాకు తెలుసు, ఏ బోల్టులో.

మర్నాడు విచారణ. ఎక్కడ విరిగిందో అప్పటికే చూసేశారు. విరగలేదు, వదులైంది. దానిమీద రెండు గీతలూ ఉన్నాయి. నన్ను ముందు అడిగారు. బిగించానని చెప్పాను. తర్వాత బావను పిలిచారు. మాకోసం బర్మీస్ దుబాసీ ఒకావిడ రావాలి, కానీ ఆవిడ మూడింటికి గానీ రాదు. జట్టువాళ్లకు మధ్యాహ్నంలోపు సమాధానం కావాలి. నేను చెబుతానని నేనే లేచాను.

బావకు బర్మీస్ నాకన్నా బాగా వచ్చు. కానీ తలుపు దగ్గర మాతో పనిచేసే ఇంకో బర్మా మెకానిక్ నిలబడి ఉన్నాడు. అతనికి తెలుగు రాదు.

"బర్మీస్‌లో ఒద్దు బావా. మన బాసలో సెప్పు. దైర్యంగా ఉంటాది," అన్నాను.

బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నా ప్రేమ అనుకున్నాడు. ఇంతకన్నా నీచమైన పని నేను ఇంకేదైనా చేశానా? బోల్టు పొరపాటు. ఇది కాదు. ఇది ఆలోచించి చేసింది.

రెంచి పెట్టావా అని పెద్దాయన అడిగాడు. ఆ ప్రశ్నను మాత్రం సరిగ్గానే తెలుగులో అడిగాను.

"నాను రెంచి ఎట్నేదు," అన్నాడు బావ తల వంచుకుని. "నువ్వు సూసీసినానన్నావు, నాను గీత గీసీసినాను. గీసినోణ్ని నానే కదా, తప్పు నాదీ ఉన్నాది. నువ్వు కుర్రోడివి, నిన్నేటీ అనొద్దని సెప్పు."

నేను పెద్దాయన వైపు తిరిగి, బావ మాటలుగా జపనీస్‌లో ఇలా చెప్పాను: 'బోల్టులు సర్దుదామని నేనే వదులు చేశాను. మళ్లీ బిగించడం మర్చిపోయి గీత గీశాను. అతను సరిగ్గానే బిగించాడు. అతన్ని ఏమీ అనొద్దు.'

ఆ ఆఖరి ముక్క ఒక్కటే బావ చెప్పింది.

వదులుకి జపనీస్ మాట బావకు తెలుసు. అది వర్క్‌షాపులో రోజూ వినే మాట. చప్పున తలెత్తాడు. "ఏటన్నావు?"

"బోల్టు వదులైపోనాదని సెప్తన్నాను బావా."

తలూపాడు. పెద్దాయన నా కళ్లలోకి చూస్తూ రెండుసార్లు అడిగాడు, అతనన్నది ఇదేనా అని. రెండుసార్లూ అవునన్నాను. ఆ మాటలే కాగితం మీద నా చేత్తో జపనీస్‌లో రాశాను. కింద బావ సంతకం పెట్టాడు. ఒక నకలు అతనికిచ్చారు. మూడింటికి దుబాసీ వచ్చేసరికి ఆవిడకు పని లేకుండా పోయింది.

పది రోజుల్లో బావను పంపించేశారు. బస్సు దగ్గర నన్ను కావలించుకుని, "నువ్వు నేకపోతే ఆళ్లు నా మాట ఇనీవోళ్లే కాదురా," అన్నాడు. అప్పుడు చెప్పొచ్చు కదా? బస్సు ఇంకా కదల్లేదు. పెద్దాయన పక్కనే ఉన్నాడు. చెప్పలేదు.

అతని ఓవరాల్ నాకిచ్చారు. పేరు విప్పేశారు, సూది రంధ్రాలు మాత్రం గుండె మీద వరసగా మిగిలాయి. మిగతా సీజనంతా దాంతోనే పిట్‌లో నిలబడ్డాను. ఆఖరి రేసు సుజుకాలో, వేరే డ్రైవరుతో మా కారు గెలిచింది. అందరూ ఒకర్నొకరు వాటేసుకుని ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను. నేనెందుకు ఏడుస్తున్నానో అక్కడెవరికీ తెలియదు.

నేను తిరిగొచ్చాక బావ నన్ను వదల్లేదు. ఇప్పుడు ఆ రేసులు ఫోన్‌లో వస్తాయి. జపాన్‌లో మధ్యాహ్నం రెండున్నరకి రేసంటే మాకు పన్నెండు గంటలు. రేసున్న ఆదివారం బావ పడవలో నది దాటి వస్తాడు. పబేడాన్ పేటలో ఒక టీకొట్టులో, జనరేటర్ హోరులో, ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించి పెట్టుకుని ఇద్దరం చూస్తాం. "ఏటంతన్నాడు?" అని కామెంటరీ వచ్చినప్పుడల్లా అడుగుతాడు. వాన వస్తుందట, ఫలానావాడి టైర్లు అరిగిపోయాయట. ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెబుతాను. దానివల్ల ఏదో తీరుతుందనుకునేవాణ్ని. ఎప్పుడైనా తెర మీద చక్రం ఊడితే బావ టీ కప్పు దించి, "మనది ఎలా వదులైపోనాదో నాకిప్పటికీ తెలీదురా. అదురుకే పోనాది. నా మాట ఆళ్లు నమ్మనేదు," అంటాడు. నన్ను అనుమానించడు. ఒక్కసారైనా అనుమానించి ఉంటే నాకు ఎంత బాగుండేదో.

బావ కూతురికి పద్దెనిమిదేళ్లు. రెండేళ్లుగా చౌక్తడాలో జపనీస్ నేర్చుకుంటోంది. పోయిన ఆదివారం బావ ప్లాస్టిక్ కవరులోంచి ఆ నకలు తీసి నా ముందు పెట్టాడు.

"దీన్ని తెలుగులో రాసి, నీ ముద్దరేసి ఇయ్యి. నాను తెలుగు సదువుతాను, పాప జపనీస్ సూసుకుంటాది. దానికి పరీచ్చ అన్నమాట," అని నవ్వాడు.

అయిదు రోజులు ఆ కాగితం నా సొరుగులో ఉంది. పోయిందని చెబితే నమ్ముతాడు. పాపకి ఇంకా సరిగ్గా రాలేదని చెప్పినా నమ్ముతాడు. బావ నేనేం చెప్పినా నమ్ముతాడు, ఆ రోజు లాగే. మళ్లీ దాన్నే వాడుకోవడమా? ఎన్నిసార్లని?

ఈ రోజు శనివారం. మధ్యాహ్నం కరెంటు పోయింది. కిటికీ దగ్గర కూర్చుని రాశాను. కాగితంలో ఉన్నది ఉన్నట్టు ముందు రాశాను. దాని కింద, అందులో లేనిది రాశాను. 'పై మాటలు నువ్వు చెప్పినవి కావు బావా. నేను కల్పించినవి. బోల్టు నేను బిగించలేదు. నువ్వు ఆ రోజు చెప్పింది ఇది.' ఆ కింద బావ మాటలు, రెంచి ఎట్నేదు దగ్గర నుంచి, నిన్నేటీ అనొద్దు దాకా. ఒక్క మాట కూడా వెతుక్కోనక్కర్లేకపోయింది. ముద్ర వేశాను.

క్లాసు అయ్యాక పాప వచ్చింది. "ఇక్కడే సదివీనా, మావయ్యా?" అంది. ఇంటికెళ్లి నాన్న పక్కన కూర్చుని చదవమన్నాను. నా గొంతు మారిందో ఏమో, ఒకసారి నావైపు చూసి కవరు సంచిలో పెట్టుకుంది. పాన్సోడాన్ రేవు వైపు వెళ్లింది. అది పది నిమిషాల పడవ. ఈపాటికి ఇల్లు చేరి ఉంటుంది.

వెనక్కి పిలవాలని రెండుసార్లు లేచాను. మళ్లీ కూర్చుని మీకు రాయడం మొదలుపెట్టాను. మీ క్షమాపణ నాకొద్దు, ఇవ్వడానికి మీరెవరు. డ్రైవరు మణికట్టుకి నేనేం చెప్పుకోను? బావ ఓవరాల్ తిరిగి ఇవ్వగలనా? రేపు సుజుకాలో ఆఖరి రేసు. పన్నెండింటికి టీకొట్టుకి వెళ్తాను. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంటే, ఉండనీ. అయినా గొంతులో అడ్డం మాత్రం లేదు. ఇందాక నీళ్లు తాగాను, హాయిగా దిగాయి. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

ఫోన్ మోగుతోంది. బావే. ఏమంటాడో తెలియదు. ఏమన్నా, ఉన్నది ఉన్నట్టు వింటాను.