నాగన్నగారి అంటు

మామిడి అంట్ల కోసం విస్సన్నపేట వైపు వెళ్ళాలనుకునేవారికి ఈ దారి పనికొస్తుంది. రాజమండ్రి నుంచి ఏలూరు దాకా రైలు, అక్కడి నుంచి నూజివీడు మీదుగా రెండు బస్సులు, చివర ఓ ఐదు కిలోమీటర్లు ఆటో. నేను మాత్రం మొక్కల కోసం బయలుదేరలేదు. మా తాతగారి ఉపదేశం కోసం వెళ్ళాను.

మా తాతగారు చివరి పదేళ్ళూ తోటలో తత్వాలు పాడుకుంటూ గడిపారు. వాళ్ళ గురువు ఆయన చెవిలో చెప్పిన ఉపదేశం ఒకటి ఉండేది. దాన్ని ఆయన మా నాన్నగారికి చెప్పలేదు. మా తోటలో అంట్లు కట్టే నాగన్నకి చెప్పారు. తెల్లవారుతూనే ఇద్దరూ పాకలో ఒకే చాప మీద పక్కపక్కన కూర్చుని కళ్ళు మూసుకునేవారు. పోయేముందు తాతగారు నన్ను మంచం దగ్గరికి పిలిచి, "నాగన్న దగ్గర తెలుసుకో" అన్నారు. నాగన్న నా తలమీద చెయ్యి పెట్టాడు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. లేచి నూతి దగ్గరికి వెళ్ళి నెత్తిన రెండు చేదల నీళ్ళు గుమ్మరించుకున్నాను. "ఏమైందిరా?" అని మా మేనత్త అడిగితే, "అంటు" అన్నాను. నాగన్న పది అడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు.

ఆ మాటకి రెండర్థాలు. ముట్టుకుంటే తగిలే మైల ఒకటి. ఒక చెట్టు పుల్లని ఇంకో మొక్కకి కట్టి, రెండూ ఒకటయ్యేలా చెయ్యడం ఇంకొకటి. నేను మొదటిది అన్నాను. ఆయన బతుకంతా రెండోది చేశాడు.

ఇది జరిగి నలభై ఏళ్ళు దాటింది. తోట ముక్కలై పోయింది, మేడ పోయింది. నేను రాజమండ్రిలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. మిగిలిందల్లా ఇస్త్రీ చొక్కా, నిటారుగా కూర్చునే అలవాటు. ఈ ఆషాఢంలో మా మేనత్త ఫోన్ చేసింది. "నాగన్నకి ఒంట్లో బాగుండటం లేదటరా. మీ తాతగారు నీకు చెప్పమన్నది ఇంకా అతని దగ్గరే ఉంది. వెళ్ళు" అంది.

ఆయన్ని ఇందులో ఉత్త 'నాగన్న' అనే రాస్తున్నాను. ఆ రోజు సాయంత్రం దాకా నా నోట ఆ పేరు అలాగే పలికింది కాబట్టి.

రాజమండ్రిలో ఉదయం ఆరు దాటాక ఎక్కితే ఎనిమిదిన్నరకి ఏలూరులో దిగాను. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని తొమ్మిదింటి నూజివీడు బస్సు పట్టుకున్నాను. సగం బస్సు కాలేజీ పిల్లలే, భుజాన లాప్‌టాప్ సంచులు. కాయల కాలం అయిపోయింది. రోడ్డు పక్క షెడ్లలో ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. తోటలు మాత్రం వానకి కడిగినట్టున్నాయి. పదిన్నరకి నూజివీడు. వెంటనే విస్సన్నపేట బస్సు దొరికింది. అక్కడ దిగేసరికి పదకొండున్నర.

ఆటో అతనికి మా ఊరి పేరు చెప్పాను.

"ఎవరింటికండీ?"

మా ఇంటిపేరు చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పాను.

"ఆ ఇంటిపేరోళ్ళెవరూ లేరండీ ఊళ్ళో. నాగన్నగారి నర్సరీ దగ్గర దింపెయ్యనా? ఎవరొచ్చినా అక్కడే దిగుతారు."

దారిలో మా మేడ ఉండాల్సిన చోట కాయల షెడ్డు కనిపించింది. ఆటో ఆపమనలేదు.

నర్సరీ అంటే పచ్చ వల కప్పిన పందిరి, దాని కింద బారులు తీర్చిన నల్ల కవర్లలో మొక్కలు. నలభై అయిదేళ్ళ ఆవిడ పైపుతో నీళ్ళు కొడుతోంది. అచ్చం నాగన్న మొహమే. ఆయన కూతురు మంగమ్మ అని చూడగానే పోల్చుకున్నాను.

"ఎన్ని కావాలండీ? బంగినపల్లి ఉన్నాయి, పెద్దరసం ఉన్నాయి. చిన్నరసమైతే వారం ఆగాలి."

"నాగన్న ఉన్నాడా?"

"మా నాన్నగారాండీ?" అంది, 'గారు' దగ్గర కాస్త ఒత్తి.

నాగన్న లోపల పీట మీద కూర్చుని అంట్లు కడుతున్నాడు. బాగా చిక్కిపోయాడు, ఆగి ఆగి దగ్గుతున్నాడు. చేతులు మాత్రం ఆగడం లేదు. "నేను, నాగన్నా" అన్నానో లేదో, పందిరి గుంజ పట్టుకుని లేచాడు.

"చిన్నబాబుగారు! గొంతు మారలేదండీ."

"కూర్చో, కూర్చో" అన్నాను. ఆయన్ని కూర్చోమనడమే పెద్ద మర్యాద అనుకునే ఇంట్లో పెరిగాను.

మంగమ్మ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. "వద్దు, నా దగ్గర సీసా ఉంది" అన్నాను. నిజంగా ప్రయాణంలో పొట్ట పాడవుతుందనే నా భయం. కానీ ఆ మాట అన్నాక ముగ్గురికీ ఆ నుయ్యే గుర్తొచ్చిందని నాకు తెలిసిపోయింది.

"క్యాన్ నీళ్ళేనండీ, అంటేమీ ఉండదు" అంది మంగమ్మ.

గ్లాసు అందుకుని తాగాను. అప్పటికి ఆలస్యమైంది.

వచ్చిన పని చెప్పాను. "తాతగారు నీ దగ్గర ఒకటి ఉంచి వెళ్ళారు. దానికోసం వచ్చాను."

"ఉందండీ" అన్నాడు నాగన్న. "కానీ అది ఉంచేదీ పట్టుకెళ్ళేదీ కాదు బాబుగారూ. అడగాలి."

"అడుగుతున్నాను కదా."

"అలాక్కాదండీ. పెద్దయ్యగారు నన్ను చాప మీద ఎదురుగా కూర్చోబెట్టి, 'గురువుగారూ, చెప్పండి అని అడుగు' అన్నారు. వాళ్ళ గురువుని ఆయనా అలాగే అడిగారంట. ఆ ఒక్క మాటేనండీ. పూలూ పళ్ళూ ఏం అక్కర్లేదు. అసలు ఇలా అడగమని మీతో నేనే అనడం బాగోదు. మీకు చెప్తానని పెద్దయ్యగారికి మాటిచ్చాను, అందుకని ఇంతమటుకు చెప్పాను."

అవతల నుంచి మంగమ్మ అందుకుంది. "నేనైతే కవర్లలో మట్టి పోస్తూ అడిగేశానండీ. నిమిషం పట్టలేదు."

"నువ్వు ఊరుకోవే" అన్నాడు నాగన్న. "సొంత నాన్నని గురువుగారూ అనడానికి నీకేం కష్టం?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. నా ఎదుట చాప ఉంది. మాట నోటి దాకా వచ్చింది. ఏరా నాగన్నా అని పిలిచిన నోరది. నాకు పదేళ్ళప్పుడు, ఆయనకి ముప్ఫై అయిదేళ్ళున్నప్పుడు, అలాగే పిలిచేవాణ్ణి. ఆ నోటితో గురువుగారూ అనలేకపోయాను. చొక్కా మడత సర్దుకుని, వాన పడేలా ఉందన్నాను.

నా ఇబ్బంది ఆయనే తప్పించాడు. "ఒక అంటు కట్టి చూడండి బాబుగారూ" అని చాకు చేతికిచ్చాడు.

టెంక నుంచి మొలిచిన మొక్క, ఆకు ఇంకా ఎర్రగానే ఉంది. దాని తల కోసెయ్యాలి. మొదలుని నిలువునా చీల్చి, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లని పలచగా చెక్కి అందులో దించాలి. ఆపైన ప్లాస్టిక్ టేపు చుట్టాలి. ఆయన చేస్తుంటే అరనిమిషం పని. నా చేతిలో మొదటిది విరిగింది. రెండోది చీలిక దాటి కిందకి పోయింది.

"పచ్చకి పచ్చ తగలాలండీ. తగలకపోతే ఎంత గట్టిగా కట్టినా ఎండిపోద్ది."

మూడోదానికి ఆయన నా బొటనవేలి మీద తన వేలు పెట్టి నొక్కాడు. నలభై ఏళ్ళ కిందట నా తలమీద పెట్టిన చెయ్యే. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కానీ భుజం బిగుసుకుంది. నేను చెయ్యమంటే బిగుసుకోలేదు, దానంతటదే బిగుసుకుంది. ఆయన గమనించి మెల్లగా వేలు తీసేశాడు.

"తగలకుండా అంటు కుదరదండీ" అన్నాడు. కోపంగా అనలేదు. పని నేర్చుకునేవాళ్ళందరికీ చెప్పినట్టే చెప్పాడు.

ఒంటిగంటన్నరకి అక్కడే భోజనం. దోసకాయ పప్పు, కొత్తావకాయ, మజ్జిగ. చాప మీద ఆయన పక్కనే కూర్చుని తిన్నాను. మంగమ్మ మారు వడ్డించి వెళ్ళింది. ఇప్పుడడుగుతాను, తిన్నాక అడుగుతాను అనుకుంటూనే ఉన్నాను. మూడున్నరకి రమ్మన్న ఆటో హారన్ వినిపించింది.

నాగన్న కూతురి భుజం పట్టుకుని గేటు దాకా వచ్చాడు. చేతిలో చిన్నరసం మొక్క. "మీరు కట్టింది బతికిందీ లేందీ ఇరవై రోజులకిగానీ తెలీదండీ. ఇది పోయినేడు నేను కట్టింది, తీసుకెళ్ళండి" అన్నాడు. కాసేపు నా మొహంలోకి చూసి, "ఇంకేమైనా అడగాలా బాబుగారూ?" అన్నాడు.

"ఆటో అతను తొందరపెడుతున్నాడు" అన్నాను.

ఆటో అతను బీడీ కాల్చుకుంటూ తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

విస్సన్నపేటలో నాలుగుంబావు బస్సు. మొక్కని మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. పక్కన మెడలో తువ్వాలుతో ఒక రైతు. వంగి మొక్క మొదలు దగ్గర కట్టు వేసిన చోటు తడిమి చూశాడు.

"నాగన్నగారి చెయ్యే ఇది. అతుకు ఎక్కడుందో కనపడనివ్వరు. ఆయన మీకు ఏమవుతారండీ?"

"మా గురువుగారు" అన్నాను.

"అదృష్టవంతులు" అని ఆయన కిటికీ వైపు తిరిగి కునుకు తీశాడు.

మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి నాకు ఒళ్ళంతా వేడెక్కింది. ఆ బస్సులో నన్నెరిగినవాళ్ళు ఎవరూ లేరు. చేయి చాపితే అందేంత దూరంలో, దగ్గుకుంటూ, నేను అంటానేమోనని గేటు దాకా వచ్చిన మనిషికి ఇవ్వలేని మాటని దారినపోయే వాడి ముందు గొప్పకి వాడుకున్నాను. నూతి దగ్గర చేసింది పంతొమ్మిదేళ్ళ వయసులో చేశాను. ఇది అరవై దాటాక చేశాను.

నూజివీడు ఇంకో పది నిమిషాలుందనగా మొక్క కవరుకి కట్టిన నర్సరీ కార్డు మీద నెంబరు చూసి ఫోన్ చేశాను. మంగమ్మ ఎత్తింది. నేనని చెప్పాను.

"చెప్పండి బాబుగారూ. మొక్క విరిగిందా?"

"లేదండీ. నాన్నగారికి ఒకసారి ఫోన్ ఇస్తారా?"

అవతల అడుగుల చప్పుడు. తర్వాత, "నాన్నా, నీకే" అని వినిపించింది. దగ్గు, దాని వెనక ఊపిరి.

"గురువుగారూ" అన్నాను. పక్కాయన కళ్ళు తెరిచి చూశాడు. చూడనిచ్చాను.

"ఎవరండీ మాట్లాడేది?"

పొద్దున ఒక్క మాటతో నా గొంతు పోల్చుకున్న మనిషికి ఆ మాటతో నా గొంతు తెలియలేదు. నా పేరు చెప్పాను. ఇంటిపేరు చెప్పలేదు. "చెప్పండి, గురువుగారూ" అన్నాను.

కండక్టరు నూజివీడు, నూజివీడు అని అరుస్తున్నాడు. జనం లేచి సంచులు దించుకుంటున్నారు. ఫోన్ చెవికి అదుముకుని మొక్కని రెండో చేత్తో పట్టుకున్నాను.

"అది ఫోన్లో చెప్పేది కాదండీ, చెవిలోనే చెప్పాలి" అన్నారు నాగన్నగారు. "నూజివీడులో ఆగిపోండి. పొద్దున మా వైపు మొదటి బస్సు ఆరింటికి."